తోడు లేని గురువారాలు

నరసన్నపేట
29 ఆగస్టు 2025, శుక్రవారం, ఉదయం 6.40

షీబా,

ఇది నాయనమ్మ ఉత్తరం. నిలబడి చదవకు, కూర్చుని చదువు.

ఫోనులో నీ మాట నాకు సగమే వినిపిస్తుంది. మిగిలిన సగం ఊహించుకుని కోపం తెచ్చుకుంటున్నాను. అది ఇద్దరికీ అన్యాయమే. అయినా ఈ రెండేళ్ళలో నువ్వు ఫోనులో నాతో అన్నవి రెండే మాటలు: "బాగున్నాను. నాన్నకియ్యి."

2023 జూన్ 14న పూణేలో ఒక ఆసుపత్రి నుంచి నీకు నర్సు ఉద్యోగానికి పిలుపు వచ్చింది. మీ నాన్న రాబర్ట్ కాలు విరిగి కట్టుతో పడుకుని ఉన్నాడు. మీ అమ్మ పోయి అప్పటికి పదకొండేళ్ళు. తీసుకెళ్ళేవారు లేరు. ఒక్కదాన్నే వెళతానన్నావు. నేను వద్దన్నాను. మీ నాన్న నా మాటకు ఎదురు చెప్పలేదు. చేరవలసిన తేదీ దాటిపోయింది. నువ్వు విజయనగరంలో చిన్న నర్సింగుహోములో చేరి హాస్టల్లో ఉంటున్నావు. ఇదంతా నీకు తెలియదని కాదు. మనిద్దరి దగ్గరా ఒకే లెక్క ఉందో లేదో సరిచూసుకోవడానికి రాశాను.

ముప్పై నాలుగేళ్ళు మిషను బడిలో లెక్కలు చెప్పాను. జవాబు పత్రం చదవకుండా ఎవరికీ మార్కులు వేయలేదు. నీ విషయంలో వేశాను. ఒంటరిగా ప్రయాణం చేయడం మంచిది కాదని తీర్పు చెప్పిన దాన్ని, డెబ్బై నాలుగేళ్ళలో నేను ఒంటరిగా చేసిన ప్రయాణాలెన్నో మొన్న లెక్క వేశాను. ఒక్కటీ లేదు. కాలేజీకి మా నాన్నగారి సైకిలు వెనక సీటు. ఆ తరవాత మీ తాతగారు. ఆయన పోయాక మీ నాన్న. బడి మన వీధి చివరే.

అందుకని ఇకనుంచి ప్రతి గురువారం ఒక్కదాన్నే ఎక్కడికైనా వెళ్ళి వస్తాను. పుస్తకంలో ఎడమవైపు లాభాలు, కుడివైపు నష్టాలు రాస్తాను. ఉన్నదున్నట్టు నీకు పంపుతాను. ఇప్పుడు బస్సులో ఆడవాళ్ళకు టికెట్టు లేదు కాబట్టి ఖర్చని వంక పెట్టడానికి కూడా లేదు.

నిన్న శ్రీకాకుళం వెళ్ళాను. కండక్టరు ఎక్కడికని అడిగితే నోరు పెగల్లేదు. నేను వెళ్ళే ఊరి పేరు ఎప్పుడూ మరొకరే చెప్పేవారు. వెనక సీటామె విసుక్కుంది. "సెప్పమ్మా, బస్సు నీకోసం ఆగుతాదా?" చెప్పాను. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. బస్సుల కాంప్లెక్సులో గంటా పది నిమిషాలు కూర్చుని తిరిగి వచ్చాను.

ఎడమవైపు: ఊరి పేరు నేనే చెప్పాను. కుడివైపు: మూత్రానికి వెళ్ళాలంటే సంచి ఎవరికి అప్పగించాలో తెలియక ఇంటికి వచ్చేదాకా ఓర్చుకున్నాను.

నువ్వు రాయకపోయినా నేను రాస్తాను.

సత్యవతి


విజయనగరం
6 సెప్టెంబరు

నాయనమ్మా,

ఉత్తరం అందింది. కూర్చునే చదివాను.

నీకు ఇదంతా దేనికో నాకు అర్థం కావడం లేదు. డెబ్బై నాలుగేళ్ళ వయసులో బస్సులో పడిపోతే, "చూశావా, నేను చెప్పలేదా" అని నిరూపించడానికా? నువ్వు పడకుండా తిరిగొచ్చినా నా ఉద్యోగం తిరిగి రాదు. నాన్న రోజూ ఫోను చేసి, మీ నాయనమ్మకు నువ్వయినా చెప్పు అంటున్నాడు. నేను చెబితే నువ్వు ఎప్పుడు విన్నావు?

తప్పు చేశాననిపిస్తే ఆ మాట చెప్పు. దానికి పుస్తకంలో గీతలు గీయక్కర్లేదు.

నాకు ఈ వారమంతా డ్యూటీ.

షీబా


నరసన్నపేట
12 సెప్టెంబరు, శుక్రవారం, ఉదయం 7.05

షీబా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. తప్పని చెప్పమన్నావు. తప్పు ఎంతో తేలకుండా చెప్పేది ఉత్త మర్యాద అవుతుంది. లెక్క ఇంకా పూర్తి కాలేదు.

నిన్న శ్రీకూర్మం వెళ్ళాను. ఆశ్చర్యపోకు, నా విశ్వాసం ఎక్కడికీ పోలేదు. మనది కాని చోటని మీ తాతగారితో ఎన్నడూ వెళ్ళలేదు. మీ నాన్నను అడిగితే, ఎవరైనా చూస్తే ఏమనుకుంటారంటాడు. నిన్న అడగడానికి పక్కన ఎవరూ లేరు. గుడి దగ్గర తాబేళ్ళను పెంచుతున్నారు. పెంకు మీద నక్షత్రాల్లాంటి గీతలు. ఒక తాబేలు ఆకు తినడం మొదలుపెట్టి ముగించేదాకా నిలబడి చూశాను. ఇరవై రెండు నిమిషాలు. పక్కన మనిషి ఉంటే రెండో నిమిషంలో పద పద అనేవారు.

బయట అరుగు మీద జగ్గమ్మ అనే ఆవిడ కలిసింది. పోలాకి వైపు రైతు మనిషి. పెనిమిటి సంవత్సరీకానికి వచ్చింది. కొడుకు చెన్నైలో పనిలో ఉండి రాలేకపోయాడట. "ఏటమ్మా, ఒక్కర్తివే వొచ్చినావా? మీవోలు రానేదా?" అని అడిగింది. రానివ్వలేదన్నాను. ఆవిడ నవ్వలేదు. "నాను ఒక్కర్తినే వొస్తే ఏడుపొస్తాదనుకున్నాను. ఎవులూ నేకపోతే ఎవులికోసం ఏడుత్తాను? కూకుని ఆ మనిషిని తలుసుకున్నాను, అంతే," అంది. పెళ్ళయిన నాటినుంచి ఆయన గురించి అంతసేపు ఆలోచించడానికి తీరిక దొరకలేదట. మీ తాతగారు పోయి ఆరేళ్ళయింది. నాకూ దొరకలేదు. తిరుగు బస్సులో దొరికింది.

ఆవిడకు నా పేరు తప్ప ఏమీ తెలియదు. టీచరునని కూడా చెప్పలేదు. టీచరుగా కాకుండా ఒక మనిషితో మాట్లాడి ఎన్నాళ్ళయిందో.

నష్టాలు కూడా ఉన్నాయి. హైవే దాటేటప్పుడు రోడ్డు మధ్యలో కాళ్ళు ఆగిపోయాయి. ఒక లారీవాడు తిట్టాడు. అన్నం పొట్లం విప్పుకుని ఒక్కదాన్నే తింటుంటే దొంగతనంగా తింటున్నట్టు అనిపించింది.

మా చిన్నప్పుడు మనవాళ్ళు పరాయి ఊరు వెళితే సంఘం నుంచి ఉత్తరం పట్టుకెళ్ళేవారు. ఆపద వస్తే ఆ ఊరి సంఘం చూసుకునేది. మన పాస్టరు కృపానిధి గారిని అడిగి నేనూ ఒకటి తీసుకున్నాను. నాకే ఊరూ ఖాయం లేదు కాబట్టి ఊరి పేరు ఖాళీగా ఉంచమన్నాను. మీ నాన్నకు ఈ మాట చెప్పి ధైర్యం చెప్పు.

సత్యవతి


విజయనగరం
19 సెప్టెంబరు

నాయనమ్మా,

ఆ లారీ సంగతి చదివి రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. ఇకమీద సిగ్నలు దగ్గరే దాటు. లేకపోతే ఎవరైనా దాటుతుంటే వాళ్ళ పక్కన నడువు. అది తోడు కిందకు రాదులే.

ఒక సంగతి రాయాలి. నాన్నకు చెప్పలేదు. నాతో చదివిన రేఖ పూణేలో అదే ఆసుపత్రిలో ఉంది. మళ్ళీ పోస్టులు పడ్డాయని చెబితే జూలైలో దరఖాస్తు పెట్టాను. కంప్యూటరు మీదే ఇంటర్వ్యూ జరిగింది. నాకు వచ్చింది. నవంబరు 3న చేరాలి.

నేను వెళ్ళను.

రెండేళ్ళ కిందట నువ్వు వద్దన్న రోజు నాకు భయమన్నదే లేదు. కోపం ఉంది, పెట్టె సర్దుకుని ఉంది. ఇప్పుడు పిలుపుంది, పెట్టె తీయలేకపోతున్నాను. టికెట్టు చేసుకుందామని ఫోను పట్టుకుంటే నువ్వు ఆ రోజు అన్న మాటే వినిపిస్తుంది. "ఆడపిల్లవి ఒక్కదానివే పోతే, దారిలో నీకేటైనా అయితే మాకు కబురు సెప్పే దిక్కెవులు?" అచ్చం నీ గొంతే. ఇక్కడ హాస్టలు నుంచి డ్యూటీకి ఎనిమిది నిమిషాల నడక. దానికీ ఇంకో అమ్మాయి తయారయ్యేదాకా ఆగుతున్నాను. నర్సుని. పక్కన ప్రాణం పోతుంటే చేతులు వణకవు. బస్సు ఎక్కాలంటే వణుకుతాయి.

నువ్వు తిరుగుతున్నావంటే నాకు అసూయగా ఉంది. ఇలా రాయొచ్చో లేదో.

షీబా


నరసన్నపేట
27 సెప్టెంబరు, శనివారం

షీబా,

నీ ఉత్తరం అందింది. నువ్వు వెళ్ళాలి. టికెట్టు ఇప్పుడే చేసుకో, ఆలస్యమైతే బెర్తు దొరకదు.

మొన్న గురువారం పాతపట్నం వెళ్ళాను. దారంతా పచ్చగా ఉంది. సంతలో ఒరియా, తెలుగు కలిపి మాట్లాడుతున్నారు. ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. చాలామంది మంచివాళ్ళు కలిశారు. ఎడమవైపు పేజీ నిండింది.

కుడివైపు: ఏమీ లేదు.

కాబట్టి భయపడవలసింది ఏమీ లేదని తెలుస్తున్నది.

సత్యవతి


విజయనగరం
1 అక్టోబరు

నాయనమ్మా,

నిన్న మధ్యాహ్నం నీ ఉత్తరం వచ్చింది. సాయంత్రం నాన్న వచ్చాడు.

పాతపట్నంలో వాన పడి, దారిలో గెడ్డ పొంగి బస్సులు ఆగిపోయాయట. నువ్వు ఆ రాత్రి అక్కడే ఉండిపోయావట. నాన్నకు ఫోనులో నాలుగు ముక్కలు మెసేజి పెట్టి ఊరుకున్నావట. అక్కడి పాస్టరు గారి ఇంటికి వెళ్ళి కృపానిధి గారి ఉత్తరం చూపించావట. ఆ ఉత్తరం ఊరు మారిపోయేవాళ్ళకు సంఘం ఇచ్చేదని నీకు తెలియదా? "ఈ సహోదరిని మీ సహవాసములో చేర్చుకొని ఆదరింపవలెను" అని ఉంటుందట. అది పట్టుకుని, చిన్న సంచితో, వానలో తడిసి ఒక ముసలామె వస్తే వాళ్ళేమనుకుంటారు? కొడుకు ఇంట్లోంచి పంపేశాడనుకున్నారు. పాస్టరమ్మ గారు మన స్త్రీల సమాజానికి ఫోను చేశారు. ఆదివారానికి సంఘమంతా చెప్పుకున్నారు. సత్యవతి టీచర్ని కొడుకు ఒగ్గీసినాడంట.

ఆదివారం ఆరాధన అయ్యాక ఒక సంఘ పెద్ద నాన్నను మెట్ల మీద ఆపి, తల్లిని సన్మానించుమన్న బైబిలు ఆజ్ఞ అందరి ముందూ చదివి వినిపించాడట. నాన్న ఈ మాట చెప్పి, నా హాస్టలు బయట బల్ల మీద కూర్చుని ఏడ్చాడు. నేను మా నాన్న ఏడవడం అమ్మ పోయినప్పుడు చూశాను, మళ్ళీ నిన్న చూశాను.

ఇక ఈ ఇంట్లో ఎవరూ ఒంటరిగా గడప దాటడానికి వీల్లేదన్నాడు. పూణే సంగతి నేనింకా ఎత్తనే లేదు.

ఇంత జరిగితే నాకు కుడివైపు ఏమీ లేదని రాశావు. ఉన్నదున్నట్టు పంపుతానన్నది నువ్వే. నన్ను పంపించాలనుకున్నావు, అందుకని అబద్ధం లెక్క రాశావు. అప్పుడు ఆపడానికి భయపెట్టావు, ఇప్పుడు పంపడానికి మభ్యపెట్టావు. రెండుసార్లూ నిజం నీ దగ్గరే అట్టేపెట్టుకున్నావు.

వచ్చే వారం వాళ్ళకు రానని రాసేస్తాను.

షీబా


నరసన్నపేట
6 అక్టోబరు, సోమవారం, ఉదయం 5.30

షీబా,

ఇది స్పీడు పోస్టులో పంపుతున్నాను. చదివాక ఏం చేయాలో నీ ఇష్టం.

25వ తేదీ లెక్క దిద్ది రాస్తున్నాను.

నాలుగున్నరకు బస్సులు లేవన్నారు. బస్టాండు బల్ల మీద వాన జల్లులో గంట కూర్చున్నాను. భయపడ్డాను. ఫోనులో పేర్లు దాచుకోవడం నాకు రాదు కదా, మీ నాన్న నంబరులో చివరి రెండు అంకెలు మరచిపోయాను. లెక్కల టీచర్ని. అవి గుర్తుకు వచ్చేసరికి చెమట పట్టింది. మెసేజి పెట్టి, లేచి అడుగుతూ పాస్టరు ఎలీషా గారి ఇల్లు చేరాను. ఆయన ఊళ్ళో లేరు. భార్య సుభద్రమ్మ గారు ఉత్తరం చదివి కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు. "సిగ్గుపడకమ్మా. మా పెద్దత్తనీ ఇలాగే ఒగ్గీసినారు. ఇది నీ ఇల్లే అనుకో," అన్నారు.

నాకు సగమే వినిపించిందని రాయవచ్చు. అది అబద్ధం. ఆ మాట పూర్తిగా వినిపించింది.

నేను దిద్దలేదు. ఏ పనీ లేకుండా ఊరికే వచ్చానంటే ఎవరు నమ్ముతారనిపించింది. మంచం పొడిగా ఉంది. వేడి వేడి గంజి ఇచ్చి, నా కాళ్ళు తన కొంగుతో తుడిచారు. నా కాళ్ళు ఎవరైనా ముట్టుకుని చాలా ఏళ్ళయింది. జాలి తియ్యగా ఉంది షీబా. పొద్దున చెబుదామనుకున్నాను. పొద్దున ఆవిడ నాకోసం ప్రార్థన చేస్తూ ఏడుస్తుంటే మరీ చెప్పలేకపోయాను. ఒక పూట నేను మింగిన మాటకు మీ నాన్న మెట్ల మీద తల దించుకున్నాడు.

నిన్న ఆరాధనలో సాక్ష్యాలు చెప్పే సమయంలో లేచాను. నా కొడుకు నన్ను ఇంట్లోంచి పంపేయలేదనీ, నా అంతట నేనే వెళ్ళాననీ, తప్పు తెలిసీ దిద్దలేదనీ చెప్పాను. ఎందుకు వెళ్ళావని ఒకరు అడిగారు. తెలియని దానిమీద తీర్పు చెప్పానని, అది తెలుసుకోవడానికి వెళ్ళానన్నాను. మీ నాన్న నా పక్కకు వచ్చి కూర్చున్నాడు. సుభద్రమ్మ గారికి విడిగా రాశాను.

ఇంకొక లెక్క మిగిలింది. అది రెండేళ్ళది.

2023 జూన్ 14 నాటికి నా కంటి ఆపరేషనై పదకొండు రోజులు. రోజుకు నాలుగుసార్లు నువ్వు చుక్కలు వేసేదానివి. ఆరు వారాలు వేయాలన్నారు. నువ్వు వెళతానని చెప్పగానే నా మనసులో మొదట వచ్చిన మాట, చుక్కలు ఎవరు వేస్తారని. ఆడపిల్ల ఒక్కతే అన్నది రెండో మాట. పైకి రెండోదే అన్నాను. గౌరవంగా ఉంటుంది కదా. ఆ తరవాత నేనే దాన్ని నమ్మాను. నీచేత కూడా నమ్మించాను.

ఈ సంగతి ఇంట్లో కూర్చుంటే నాకు తెలిసేది కాదు. ఇంట్లో నేను ఎవరికో ఒకరికి నాయనమ్మను, టీచర్ని, తల్లిని. నేను మంచిదాన్నని చెప్పడానికి చుట్టూ మనుషులున్నారు. బస్సులో ఎవరూ లేరు. పాతపట్నం నుంచి తిరిగి వస్తుంటే, సారవకోట దాటాక ఈ మాట తనంత తానే వచ్చి నా పక్కన కూర్చుంది. ఇది ఎడమవైపు రాయాలో కుడివైపు రాయాలో తేలక రెండువైపులా రాశాను.

తప్పు ఎంతో ఇప్పుడు తేలింది. నీ రెండేళ్ళు, నీ ధైర్యం. నన్ను క్షమించు.

సత్యవతి


విజయనగరం
11 అక్టోబరు

నాయనమ్మా,

నీ ఉత్తరం దాచుకున్నాను. క్షమాపణ సంగతి ఇప్పుడేమీ రాయలేను.

చుక్కల సంగతి నాకు అప్పుడే అనిపించింది. ఛీ, నాయనమ్మ అలా అనుకోదని నన్ను నేనే తిట్టుకున్నాను. అది నిజమని తెలిశాక బాధతో పాటు ఏదో తేలికయింది. ప్రపంచం నువ్వు చెప్పినంత చెడ్డది కాదన్నమాట.

వాళ్ళకు రానని ఇంకా రాయలేదు. నాన్నతో మాట్లాడాను. ఒక్కదాన్నే అంటే ఒప్పుకోలేదు. కానీ మీ నాయనమ్మ తోడుంటే వెళ్ళు అన్నాడు. నువ్వు రా. నువ్వు ఇప్పుడు నాకంటే బాగా తిరుగుతున్నావు. రేఖ గదిలో వారం ఉండి వెళ్ళవచ్చు. నువ్వు వస్తే వెళతాను. నిన్ను ఏదైనా అడిగి ఎంత కాలమైందో. ఇది అడుగుతున్నాను.

షీబా


నరసన్నపేట
15 అక్టోబరు, బుధవారం, ఉదయం 6.15

షీబా,

రాను.

నీ ఉత్తరం చదవగానే అటక మీద పెట్టె దింపించాను. ఉతికిన చీరలు నాలుగు పెట్టాను. పూణే చూడాలని ఉంది, నీ పక్కన కిటికీ దగ్గర కూర్చుని అన్నం తినాలని ఉంది. ఎంత ఉందో రాయను. సాయంత్రం చీరలు తీసి బీరువాలో పెట్టాను.

నేను వస్తే దారి పొడుగునా నాకు మందు ఇవ్వడం, నన్ను మెట్లు దింపడం నీ పని అవుతుంది. నువ్వు మళ్ళీ చుక్కలు వేసే పిల్లవవుతావు. నేను ఊరికి తిరిగి వచ్చేశాక పూణేలో ఎనిమిది నిమిషాల నడకకు మళ్ళీ ఎవరికోసమో ఆగుతావు. నీ భయం నేను పెట్టింది. నేను పక్కన ఉండగా అది పోదు.

మీ నాన్నతో మాట్లాడాను. మొదట ఒప్పుకోలేదు. "నువ్వు ఒక్క రేత్రి ఊరు దాటినందుకే నన్నిన్ని మాటలన్నారు. దాన్ని పంపితే ఏటంటారో తెల్సా అమ్మా?" అన్నాడు. "అన్నారు. ఇప్పుడు మానీసినారు కదా," అన్నాను. "దానికేటైనా అయితే?" అన్నాడు. ఏమీ కాదని నేను అనలేదు. ఆ అబద్ధం ఇక రాయను, చెప్పను. అవుతుందేమో. ఏదైనా అయితే షీబా లేచి నిలబడి ఎవరింటికో నడిచి వెళ్ళగలదు, నేను వెళ్ళాను కదా అన్నాను. లేచి చొక్కా వేసుకున్నాడు. తరవాత, గొలుసూ తాళం కొనాలి పెట్టెకి అన్నాడు. అదే అతని అంగీకారం.

వెళ్ళకపోయినా నిన్ను ఏమీ అనను. వద్దని ఒకసారి ఆజ్ఞాపించాను, వెళ్ళమని మరోసారి ఆజ్ఞాపించను. కింది బెర్తు కాదు, పై బెర్తు తీసుకో, మగతగా ఉన్నా ఎవరూ లేపి కూర్చోరు. నీళ్ళు రెండు సీసాలు. డబ్బు రెండు చోట్ల.

స్టేషనుకు కూడా రాను. నీకు వీడ్కోలు చెబుతూ నేను ఏడిస్తే నువ్వు దిగిపోతావు.

సత్యవతి


పూణే
2 నవంబరు, ఆదివారం

నాయనమ్మా,

వచ్చాను. నాన్నకు ఫోను చేశాను, నీకు చెప్పే ఉంటాడు.

ఉన్నదున్నట్టు రాస్తాను. విజయనగరం స్టేషనులో బండి వచ్చి ఆగినా నా కాళ్ళు కదల్లేదు. నాన్న పెట్టె ఎక్కించేసి కిందకు దిగిపోయాడు. పెట్టె బండిలో, నేను ప్లాట్‌ఫారం మీద. పెట్టె కోసం ఎక్కాను. ధైర్యంతో ఎక్కానని ఎవరికీ చెప్పకు.

రాజమండ్రి దాకా చెప్పులు విప్పలేదు, పడుకోలేదు. ఎదుటి బెర్తు మనిషి మూడుసార్లు ఎవరితో వస్తున్నావని అడిగాడు. రెండుసార్లు వెనక బోగీలో నాన్న ఉన్నాడన్నాను. మూడోసారి ఒక్కదాన్నే అని, టీటీఈకి వినపడేలా గట్టిగా చెప్పాను. అతను తెల్లవారాక దిగిపోయాడు. ఆ తరవాత ఒక తల్లీ బిడ్డా ఎక్కారు. బిడ్డకు జ్వరం. చూసి తడిగుడ్డ వేశాను. నువ్వెవరివని అడిగితే నర్సునన్నాను. నా చేతులు వణకలేదు.

నువ్వు అడిగిన క్షమాపణకు జవాబు నా దగ్గర ఇంకా లేదు. వెతికాను. దొరికినప్పుడు రాస్తాను, దొరక్కుండా రాయను. నువ్వు నేర్పిందే.

ఒక్కటి మాత్రం చెప్పాలి. నిన్న మధ్యాహ్నం తాండూరు దాటాక తలుపు దగ్గర సీటు దొరికింది. రెండువైపులా కంది చేలు పూసి ఉన్నాయి. ఎంతసేపు చూశానో తెలియదు. గడియారం చూసుకుంటే మూడు గంటలు గడిచిపోయాయి. ఆ మూడు గంటల్లో నువ్వు నాకు ఒక్కసారి కూడా గుర్తుకు రాలేదు. నీ గొంతు కూడా వినిపించలేదు. రెండేళ్ళలో అది మొదటిసారి. ఇది చదివితే నీకు బాధ కలుగుతుందో సంతోషం కలుగుతుందో తెలియదు గాని, రాయడానికి నాకు నువ్వు తప్ప ఇంకెవరూ లేరు.

రేపు ఉదయం ఏడింటికి డ్యూటీ. ఆసుపత్రికి పావుగంట నడక. రేఖది సాయంత్రం డ్యూటీ, తను రాదు.

షీబా